కంటిన్యుటీ పుస్తకంలో ఖాళీ పేజీలు

ఫిలింనగర్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

మొన్న నైట్ షూట్‌లో క్లాప్ బోర్డు పక్కన పెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని మెట్ల మీద కూర్చున్నావని మేకప్ అక్క చెప్పింది. అడిగితే "గ్యాస్ పెద్దనాయినా, టీలు ఎక్కువయినయ్" అన్నావు. గ్యాసే కావచ్చు. కానీ నీ గుండె సంగతి తెలిసినవాణ్ణి, ఆ మాటతో ఊరుకోలేను. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువు.

నీ నాలుగో ఏటి సంగతులు నీకు గుర్తుండవు. పాలమూరులో మన వాకిట్లో నాలుగడుగులు పరుగెత్తి గొంతుక్కూర్చునేదానివి. పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లగా, నీలంగా ఉండేవి. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. 2007 ఏప్రిల్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకాన్ని మొదట మూడు జిల్లాల్లో పెట్టారు. అనంతపురం, శ్రీకాకుళం, మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్. ఆ మరుసటి ఏడే ఆ పథకం కింద హైదరాబాద్‌లో నీకు ఆపరేషన్ అయింది. మీ నాయిన ఒక్క గుంట భూమి అమ్మలేదు. ఆపరేషనయ్యాక ఎర్రబడిన నీ పెదవులు చూసి మీ అమ్మ ఆసుపత్రి వరండాలోనే నేలకు దండం పెట్టింది.

నీ జబ్బు పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలట్. ఫాలట్ అనేది 1888లో దాన్ని వివరంగా రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరు. గుండె కింది గదుల మధ్య రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు, ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం చోటు తప్పి ఆ రంధ్రం మీద కూర్చోవడం, కుడి కింది గది కండ మందం కావడం, ఈ నాలుగూ కలిస్తే అది. నీకు రంధ్రం మూశారు, ఇరుకు దారిని వెడల్పు చేశారు. అలా వెడల్పు చేసేటప్పుడు అక్కడుండే కవాటం చాలామందికి చెడుతుంది. నీకూ అదే అయిందని డిశ్చార్జి కాగితంలో రాసి ఉంది. ఊపిరితిత్తులకు పంపిన రక్తంలో కొంత మళ్లీ కుడి గదిలోకి కారుతుంది. ఆ గది ఏళ్ల తరబడి అదనపు బరువు మోస్తూ మెల్లమెల్లగా సాగిపోతుంది. మనిషికి మాత్రం ఏమీ తెలియదు. తెలిసేనాటికి దడ, ఆయాసం, కళ్లు తిరగడం మొదలవుతాయి. గుండె లయ తప్పితే ప్రాణం మీదికే రావచ్చు.

ముప్పై ఏళ్లు కో-డైరెక్టర్‌గా నేను చేసింది కంటిన్యుటీ చూడటమే. హీరో గడియారం ఏ చేతికి ఉంది, చొక్కాకు ఎన్నో గుండీ ఊడింది, కాఫీ కప్పులో ఎంత మిగిలింది, అన్నీ రాసుకునేవాణ్ణి. మూడు నెలల తర్వాత అదే సీను మళ్లీ తీస్తే తేడా రాకూడదని. నీ ఆపరేషన్ తర్వాత నీ పేరున కూడా ఒక పుస్తకం పెట్టాను. ఎకో తీసిన తేదీ, బరువు, డాక్టరు మాట, మందు. అది 2014తో ఆగిపోయింది. ఆపినవాణ్ణి నేనే. "పిల్ల పరుగెడుతోంది, బడిలో బహుమతులు తెస్తోంది, ఇంకా ఎందుకు తిప్పడం" అని మీ నాయినకు చెప్పింది నేనే. ఆయన నా మాట విన్నాడు. పొరుగువాడి చొక్కా గుండీ రాసుకున్నవాణ్ణి ఇంటి బిడ్డ గుండెను వదిలేశాను.

ఈ పొరపాటు మన ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లల్లో జరుగుతోంది. పిల్లల గుండెకు వైద్యం దొరికే దారులు ఇప్పుడు ఉన్నాయి, మన చుట్టుపక్కలా, మన రెండు రాష్ట్రాల్లోనూ చూడు. అపోలో ఆసుపత్రి 1988 నుంచి జూబ్లీహిల్స్‌లో ఉంది. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లలకు ఆపరేషన్లు చేయించడానికి మహేశ్ బాబు గారు విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌తో, ఇక్కడి రెయిన్‌బో ఆసుపత్రితో చేతులు కలిపారు. వెయ్యికి పైగా పసిగుండెలు అలా బాగుపడ్డాయి. తిరుపతిలో టీటీడీ 2021లో పిల్లల గుండె ఆసుపత్రి పెట్టింది. 2013 నుంచి కేంద్రం వాళ్ల పథకంలో అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షిస్తున్నారు. అయితే అది 18 ఏళ్లతో ఆగుతుంది. బతికించిన పిల్లలందరూ పెద్దవాళ్లవుతారు కదా. ఉద్యోగాలకు వెళ్తారు, పెళ్లాడతారు, పిల్లల్ని కంటారు. అప్పుడు వాళ్ల గుండెను చూసే డాక్టరెవరు?

పెద్దవాళ్ల గుండె డాక్టర్లు రోజంతా చూసేది పూడుకుపోయిన నాళాలు, స్టెంట్లు, బీపీ. పిల్లల గుండె డాక్టర్లకు నీలాంటి గుండె బాగా తెలుసు. గర్భం, పెద్దవాళ్ల మందులు మాత్రం వాళ్ల దారి కాదు. ఈ రెండూ తెలియాలంటే వేరే శిక్షణ కావాలి. టొరంటోలో 1959లోనే ఇలాంటి పెద్దవాళ్ల కోసం క్లినిక్ మొదలైంది. లండన్‌లో జేన్ సోమర్‌విల్ అనే డాక్టరమ్మ 1975లో వాళ్లకు ప్రత్యేకంగా వార్డు పెట్టించింది. అమెరికాలో గుండె వైద్యం చదువు పూర్తయ్యాక మరో రెండేళ్లు దీనికే కేటాయిస్తారు. దీనికి విడిగా పరీక్ష 2015లో మొదలుపెట్టారు. మన దగ్గర ఈ శిక్షణ పొందినవాళ్లు ఇంకా తక్కువే. ఉన్నవాళ్లను వెతుక్కుని వెళ్లాలి. మీ యూనిట్ వాళ్లు చెప్పిన డాక్టరు మంచివాడే అయి ఉంటాడు, కానీ ముందు అడుగు: "పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులతో పెద్దయినవాళ్లను మీరు చూస్తుంటారా? గుండె ఎంఆర్ఐ చేసి కుడి గదిని కొలిచేవాళ్లు మీ దగ్గర ఉన్నారా? కవాటం మార్చాల్సి వస్తే ఎవరు మారుస్తారు?" అడగడానికి మొహమాటపడకు.

కవాటం అనగానే భయపడకు. మార్చాల్సి వస్తే కుడి గది పూర్తిగా సాగిపోకముందే మార్చాలి. కొందరికి ఇప్పుడు ఛాతీ తెరవకుండా, తొడ దగ్గర రక్తనాళం గుండా గొట్టం పంపి పెడుతున్నారు. సమయం ఎప్పుడన్నది ఎకో ఒక్కదానితో తేలదు. ఎంఆర్ఐ, ఈసీజీ, నడిపించి చూసే పరీక్ష, అన్నీ కలిపి చూస్తారు.

రోజువారీ సంగతులు కొన్ని. పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకో. చిగుళ్లలోంచి క్రిములు రక్తంలో చేరి గుండెలో తిష్ట వేయగలవు. పంటి డాక్టరుకు నీ ఆపరేషన్ సంగతి ముందే చెప్పు. కారణం తెలియని జ్వరం నాలుగు రోజులు నిలిస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోకు. ముందు రక్తం పరీక్షకు ఇవ్వాలి, లేకుంటే క్రిమి దొరకదు. దడ మొదలై తగ్గకపోయినా, స్పృహ తప్పినా కాల్‌షీట్ అని ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యమని పక్కవాళ్లకు ఇప్పుడే చెప్పి పెట్టు.

ఇక పెళ్లి. మీ అమ్మ సంబంధాలు చూస్తోంది. "ఆపరేషన్ మచ్చ సంగతి ముందే ఎందుకు, తర్వాత చూద్దాం" అన్నదట. ఆమె భయం నాకు తెలుసు, ఆమెతో నేను మాట్లాడతాను. దాచి చేసిన పెళ్లిలో నువ్వు ప్రతి మందుబిళ్లా చాటుగా మింగాలి. చెబితే వెళ్లిపోయే సంబంధం ముందే పోనీ. నీలా ఆపరేషనైన ఆడపిల్లలు చాలామంది బిడ్డల్ని కంటున్నారు. గర్భం రాకముందే గుండె డాక్టరుకు చూపించుకోవాలి, కాన్పు డాక్టరు, గుండె డాక్టరు ఒకచోట ఉన్న ఆసుపత్రిలో కాన్పు కావాలి. పుట్టే బిడ్డకు గుండె లోపం ఉండే అవకాశం వందలో మూడు నుంచి ఐదు. అయిదో నెలలో కడుపులోని బిడ్డ గుండెను స్కాన్‌లో చూస్తారు.

నీ పుస్తకం ఇనప్పెట్టెలోంచి తీశాను. డిశ్చార్జి కాగితం మడతల దగ్గర చిరుగుతుంటే జిరాక్స్ తీయించి అట్ట వేశాను. ఈ వారం నీకు షూటింగ్ లేనిది గురువారమని మీ అసోసియేట్‌ను అడిగి తెలుసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో మెట్ల దగ్గర ఉంటాను. 2014 తర్వాతి పేజీలో తేదీ నేను రాస్తాను, డాక్టరు చెప్పింది నువ్వు రాయి. ఇకమీదట ఆ పుస్తకం నీ దగ్గరే ఉండాలి.

టిఫిన్ తిని రా. ఆకలితో బయలుదేరకు.

నీ పెద్దనాయిన