నీటికి నడక నేర్పే చక్రం

పాఠ్యభాగ పరిచయం

యంత్రాన్ని నడిపే విద్య వేరు, యంత్రాన్ని కాపాడే విద్య వేరు. మొదటిది కొద్ది దినాలలోనే అలవడుతుంది. రెండవదానికి ఓర్పు, పరిశీలన, బాధ్యత అవసరం. పడవ ఇంజనును చల్లబరిచే నీటిపంపులో ఇంపెల్లర్ అనే చిన్న చక్రం ఉంటుంది. అది పాడైనప్పుడు ఏ విధంగా మార్చాలో, ఆ పనిలో ఏ జాగ్రత్తలు పాటించాలో తెలపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జగిత్యాల జిల్లాలోని బీర్పూర్ మండలం గోదావరి నదికి దక్షిణ తీరాన ఉంది. గుట్టపై వెలసిన లక్ష్మీనరసింహస్వామి ఆలయం, గుట్టల దిగువన వరిపొలాలు, వాటికి ఆవల గోదావరి ఇసుకతిన్నెలు ఆ ప్రాంతపు ఆనవాళ్లు. ఒకప్పుడు ఈ సీమలో బావినీటిని పొలానికి పారించడానికి మోట ఆధారం. ఎద్దులు ముందుకు నడిస్తే తోలుబొక్కెన పైకి వచ్చేది. వెనుకకు నడిస్తే బావిలోకి దిగేది. తరువాత ఆయిల్ ఇంజన్లు, ఆపైన కరెంటు మోటార్లు వచ్చాయి. ఎద్దుల నడక ఆగింది గాని, నీటికి నడక నేర్పే పని ఆగలేదు. ఆ బాధ్యత ఇనుప పెంకులో దాగిన ఒక చక్రానికి సంక్రమించింది. దానినే ఇంపెల్లర్ అంటారు.

పొలం గట్టున ఉండే మోటారు పంపులో ఈ చక్రం లోహంతో చేసినది. మోటారు దానిని వేగంగా తిప్పుతుంది. తిరిగే చక్రం రెక్కల నడుమ చిక్కిన నీరు కేంద్రం నుండి అంచుకు విసిరివేయబడుతుంది. కేంద్రం వద్ద ఏర్పడిన వెలితిని పూరించడానికి అడుగు నుండి కొత్త నీరు పైకి వస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనిస్ పాపిన్ 17వ శతాబ్ది చివరిలోనే ఈ సూత్రంతో పంపును నిర్మించాడు. 1851లో లండన్ మహాప్రదర్శనలో జాన్ అపోల్డ్ వంపు తిరిగిన రెక్కలు గల చక్రాన్ని ప్రదర్శించాడు. రెక్క నిటారుగా ఉన్నప్పటి కంటే వంపు తిరిగినప్పుడు అదే శక్తితో ఎంతో ఎక్కువ నీరు ఎక్కుతుందని నాడు రుజువైంది. కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ వద్ద భూగర్భంలో నిర్మించిన గాయత్రి పంపుహౌస్‌లో ఒక్కొక్క మోటారు శక్తి 139 మెగావాట్లు. అక్కడ తిరిగేది ఎంతటి మహాచక్రమైనా సూత్రం మాత్రం పొలం గట్టు పంపుదే.

అయితే ఈ పంపుకు ఒక నియమం ఉంది. లోపల గాలి నిండి ఉంటే అది నీటిని పీల్చలేదు. అందుకే రైతు మోటారు వేసే ముందు పంపులో నీళ్లు పోసి నింపుతాడు. ఆ నీరు జారిపోకుండా గొట్టం అడుగున ఫుట్‌వాల్వు కాపలా కాస్తుంది. నీటిని ఇవ్వవలసిన యంత్రానికి ముందుగా మనమే నీటిని ఇవ్వాలి. బీర్పూర్ రైతుకు అనుభవంలో ఉన్న ఈ సత్యమే సముద్రం మీద పడవ నడిపేవారికి ప్రాణాధారం.

బీర్పూర్‌ను ఒరుసుకొని పారే గోదావరి తూర్పుగా సాగి సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రతీరాన ఉన్న విశాఖపట్నం చేపల రేవులో మరపడవలు బారులు తీరి ఉంటాయి. వాటికి ఇంజను పడవ గర్భంలోనే అమర్చి ఉంటుంది. డీజిలు మండగా పుట్టిన వేడిలో సగం కూడా పడవను నడిపే శక్తిగా మారదు. మిగిలిన వేడిలో కొంత పొగతో పోతుంది. కొంత ఇంజను లోహంలోకి చేరుతుంది. లారీ ఇంజను ఈ వేడిని రేడియేటరు ద్వారా గాలికి వదులుతుంది. పడవ గర్భంలోని ఇంజనుకు అంతటి గాలి అందదు. కాని చుట్టూ ఉన్నది అపారమైన నీరు. కనుక ఆ నీటినే శీతలీకరణకు వాడుకుంటారు.

కొన్ని పడవలలో ఇంజను నీటిని పడవ అడుగున అమర్చిన గొట్టాలలో తిప్పి చల్లబరుస్తారు. మరికొన్నింటిలో సముద్రజలాన్నే లోపలికి తెస్తారు. ఈ రెండవ రకంలో అడుగున ఉన్న వాల్వు ద్వారా ప్రవేశించిన నీరు జల్లెడలో వడగట్టబడి పంపును చేరుతుంది. పంపు దానిని మెకానిక్కులు కూలర్ అని పిలిచే పెట్టెలోకి నెడుతుంది. ఆ పెట్టెలో సన్నని గొట్టాలు ఉంటాయి. గొట్టాల లోపల సముద్రజలం, వెలుపల ఇంజనులో తిరిగే మంచినీరు ప్రవహిస్తాయి. రెండూ కలవవు, వేడి మాత్రం ఒకదాని నుండి మరొకదానికి మారుతుంది. చివరకు సముద్రజలం పొగగొట్టంలో కలిసి, పొగను చల్లబరుస్తూ పడవ వెలుపలికి చిమ్ముతుంది. పొగతో పాటు నీరు చిమ్ముతుంటే సముద్రజలం ప్రవహిస్తున్నదని గుర్తు.

ఈ పంపులోని ఇంపెల్లర్ లోహంతో చేసినది కాదు, రబ్బరుది. ఎక్కువగా నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును వాడతారు. 1930లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ శాస్త్రజ్ఞులు దానిని రూపొందించారు. నడుమ లోహపు కేంద్రం, చుట్టూ వంగే రెక్కలు ఉన్న ఈ చక్రం అరచేతిలో ఇమిడిపోతుంది. అది తిరిగే పెంకు పూర్తి గుండ్రన కాదు; ఒకవైపు లోపలికి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బెత్తు వద్దకు రాగానే రెక్కలు ముడుచుకుంటాయి. వాటి నడుమ ఉన్న నీరు బయటికి నెట్టబడుతుంది. ఉబ్బెత్తు దాటగానే రెక్కలు తిరిగి విచ్చుకుంటాయి. ఆ విశాలమైన చోటులోకి కొత్త నీరు పీల్చబడుతుంది. ముడుచుకోవడం, విచ్చుకోవడం తప్ప దానికి మరొక పని లేదు. పొలం పంపుకు ముందుగా నీరు పోయాలి. ఇది తనంతట తానే నీటిని పీల్చుకోగలదు.

అంతటి సమర్థురాలికీ ఒక బలహీనత ఉంది. రెక్కల కొనలు పెంకును నిరంతరం రాసుకుంటూ తిరుగుతాయి. నడుమ ఉన్న పలుచని నీటిపొర ఆ ఒరిపిడిని తగ్గిస్తుంది. జల్లెడకు ప్లాస్టిక్ సంచి అడ్డుపడినా, అడుగు వాల్వు తెరవడం మరచి ఇంజను వేసినా నీరు అందదు. అప్పుడు రబ్బరు పొడిగా రాసుకొని క్షణాలలో వేడెక్కుతుంది. కొద్ది నిమిషాలలోనే రెక్కలు కాలి, చిట్లి, ఊడిపోతాయి. ఒకసారి తెగిన రెక్క మళ్లీ అతకదు. తరువాత వాల్వు తెరిచినా ఫలం లేదు.

దీని పర్యవసానాన్ని ఊహించడం కష్టం కాదు. తీరం కనుమరుగైన చోట, వల నీటిలో ఉండగా, ఉష్ణోగ్రత సూచిక ఎర్రగీత దాటుతుంది. సరంగు ఇంజను ఆపక తప్పదు. ఇంజను ఆగిన పడవకు దిశ ఉండదు. అది అలకు అడ్డం తిరుగుతుంది. వల బరువు ఒకవైపు, గాలి ఒకవైపు లాగుతాయి. ఆపకుండా నడిపితే ఇంజను లోపలి భాగాలు బిగుసుకొని శాశ్వతంగా పాడవుతాయి. పడవలో ఉన్నవారందరి క్షేమం, తీరాన ఎదురుచూసే కుటుంబాల జీవనం ఆ క్షణంలో అరచేతిలో ఇమిడే రబ్బరు చక్రం మీద ఆధారపడి ఉంటాయి. అందుకే అనుభవజ్ఞులు అదనపు ఇంపెల్లర్‌ను, దానికి తగిన గాస్కెట్టును వెంట ఉంచుకోకుండా రేవు దాటరు.

మార్చే పని ఇంజనును ఆపడంతో ఆరంభమవుతుంది. ఇంజను చల్లారే వరకు వేచి ఉండి, అడుగు వాల్వును మూయాలి. మూయకపోతే పంపు మూత తెరవగానే సముద్రం పడవలోకి వస్తుంది. ఇంజను తాళంచెవిని ఆ వాల్వు పిడికే తగిలించడం మంచి అలవాటు. వాల్వును ముట్టుకోకుండా తాళంచెవి చేతికి రాదు. కనుక దానిని తెరవకుండా ఇంజను వేసే పొరపాటు జరగదు. మరపును జ్ఞాపకశక్తితో కాక ఏర్పాటుతో జయించడం వివేకం.

తరువాత పంపు కింద గుడ్డ పరచి మూత మరలు విప్పాలి. జారిపడిన మర పడవ అడుగున నూనె కలిసిన మురుగునీటిలో కలిస్తే మళ్లీ దొరకదు. మూత తీశాక, చక్రం ఏ దిశలో తిరుగుతున్నదో రెక్కల వాలును బట్టి గుర్తించాలి. పాత చక్రాన్ని పుల్లరుతో నిదానంగా లాగాలి. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే పెంకు అంచుపై గీతలు పడతాయి. ఆ గీతల గుండా నీరు కారుతుంది, గాలి చొరబడుతుంది.

ఇక్కడికి పని సగమే అయింది. చాలామంది పాతది పారవేసి కొత్తది బిగించి పని ముగిసిందనుకుంటారు. నేర్పరి అలా చేయడు. పాత చక్రాన్ని వెలుతురులో పట్టుకొని రెక్కలు లెక్కిస్తాడు. ఆరు రెక్కలు ఉండవలసిన చోట నాలుగే ఉంటే, మిగిలిన రెండు ఎక్కడికి పోయాయి? అవి గాలిలో కరిగిపోలేదు. నీటితో పాటు ముందుకు కొట్టుకుపోయి, గొట్టపు మలుపులోనో, కూలర్ ముఖద్వారంలోనో చిక్కుకొని ఉంటాయి. వాటిని అక్కడే వదిలితే కొత్త చక్రం ఎంత బలంగా నెట్టినా నీరు పూర్తిగా పోదు. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను వేడెక్కుతూనే ఉంటుంది. కారణం తెలియక యజమాని ఒక్కొక్క భాగాన్నీ మారుస్తూ డబ్బు పోగొట్టుకుంటాడు. కనుక గొట్టాలు విప్పి, కూలర్ మూత తెరిచి, ముక్కలు ఏరి, పాత చక్రం పక్కన పేర్చి చూడాలి. పోయిన ముక్క దొరికిన తరువాతే పని పూర్తి అయినట్లు.

రెక్కలు ఎందుకు తెగాయన్నది మరొక ప్రశ్న. కొనలు కాలినట్లు మెరుస్తూ ఉంటే నీరు అందలేదని అర్థం. జల్లెడను, వాల్వును పరీక్షించాలి. మొదళ్లలో పగుళ్లు ఉంటే రబ్బరు వయసు మీరిందని అర్థం. పెంకు లోపల లోతైన గీతలు ఉంటే ఇసుక చేరిందని గ్రహించాలి. అటువంటి పెంకులో కొత్త చక్రం కూడా త్వరగా అరిగిపోతుంది. ఇరుసు వద్ద నీరు కారుతుంటే అక్కడి సీలును మార్చాలి. ఈ ప్రశ్నలు వేయకుండా కొత్త చక్రం బిగించడం రోగకారణం తెలుసుకోకుండా మందు వేయడం వంటిది.

ఇక బిగింపు. పెంకు లోపల గ్లిసరిన్ గాని సబ్బునీరు గాని పూయాలి. మొదటి క్షణాలలో నీరు చేరే లోపల రెక్కలను కాపాడేది ఆ జారుడే. చేతికి అందింది కదా అని మామూలు గ్రీజు పూయరాదు. ఖనిజనూనెలు అనేక రకాల రబ్బరును ఉబ్బిస్తాయి. రెక్కల కొనలు తిరిగే దిశకు వెనుకవైపు వాలేలా చక్రాన్ని మెల్లగా తిప్పుతూ లోపలికి నెట్టాలి. కొత్త గాస్కెట్టు వేసి, మూత మరలను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. అడుగు వాల్వు తెరిచి ఇంజను వేసి వెంటనే పొగగొట్టం వైపు చూడాలి. నీరు చిమ్మితే శుభం. కొద్ది సేపటికి కూడా చిమ్మకపోతే ఇంజను ఆపి కారణం వెదకాలి.

వాడకం వలననే కాదు, విశ్రాంతి వలన కూడా ఈ చక్రం చెడుతుంది. తూర్పు తీరంలో చేపల సంతానోత్పత్తి కాలాన్ని దృష్టిలో ఉంచుకొని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తున్నారు. ఆ దినాలలో కదలని చక్రంలో ఉబ్బెత్తు వద్ద ఉన్న రెక్కలు ముడుచుకునే ఉంటాయి. చాలాకాలం వంగి ఉన్న రబ్బరు తిరిగి పూర్తిగా విచ్చుకోదు. అందుచేత పడవను ఒడ్డుకు చేర్చినప్పుడే ఇంపెల్లర్‌ను తీసి భద్రపరచి, వేటకు బయలుదేరే ముందు పరిశీలించి బిగించడం ఉత్తమం.

అమరకోశంలో నీటికి చెప్పిన పేర్లలో జీవనం ఒకటి. బతుకును, నీటిని ఒకే మాటతో పిలిచిన పెద్దల దృష్టి గమనింపదగినది. బీర్పూర్ పొలంలోని ఇనుప చక్రానికైనా, విశాఖ పడవలోని రబ్బరు చక్రానికైనా నీరే పని, నీరే ప్రాణం. ఆ నీరు ఆగకుండా చూడవలసినవాడు మనిషి. పగిలిన రెక్కలను లెక్కించి, పోయినదానిని వెదికి, కారణాన్ని సరిదిద్దే చేతులలో యంత్రమూ నిలుస్తుంది, దానిని నమ్ముకున్న బతుకులూ నిలుస్తాయి.

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పడవ ఇంజనులో ఇంపెల్లర్‌ను మార్చే విధానాన్ని వివరించండి.
2. పొలం పంపుకు, పడవ పంపుకు గల సామ్యభేదాలను పాఠం ఆధారంగా రాయండి.

II. లఘు సమాధాన ప్రశ్నలు
1. నీరు అందనప్పుడు రబ్బరు ఇంపెల్లర్ ఎందుకు చెడుతుంది?
2. తాళంచెవిని వాల్వు పిడికి తగిలించడంలోని ఆంతర్యం ఏమిటి?
3. వేట నిషేధకాలంలో ఇంపెల్లర్‌ను ఎందుకు తీసి ఉంచాలి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. "నీటిని ఇవ్వవలసిన యంత్రానికి ముందుగా మనమే నీటిని ఇవ్వాలి."
2. "పోయిన ముక్క దొరికిన తరువాతే పని పూర్తి అయినట్లు."

IV. అర్థాలు
వెలితి = లోటు, ఖాళీ; ఒరిపిడి = రాపిడి; పర్యవసానం = తుది ఫలితం; సరంగు = పడవను నడిపించే నాయకుడు; ఆంతర్యం = లోపలి భావం.

V. ప్రకృతి – వికృతులు
సముద్రం – సంద్రం. యంత్రం – జంత్రం. శక్తి – సత్తి.

VI. సంధులు
ప్రాణాధారం = ప్రాణ + ఆధారం (సవర్ణదీర్ఘ సంధి); ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత (గుణ సంధి).

VII. సమాసాలు
సముద్రజలం – సముద్రం యొక్క జలం (షష్ఠీ తత్పురుష). సామ్యభేదాలు – సామ్యమును, భేదమును (ద్వంద్వం). మహాచక్రం – గొప్పదైన చక్రం (విశేషణ పూర్వపద కర్మధారయం).