వియత్నాం దేశమున మోటారు సైకిళ్ల పోటీ

ఒక వస్తువు వెల హెచ్చుగా నున్నచో, దానిని చేయుటకు వ్యయము హెచ్చగుటయే కారణమని మనము సామాన్యముగా దలంతుము. ఈ తలంపు సర్వదా నిజము కాదు. 2000 సంవత్సర ప్రాంతమున వియత్నాం దేశములో అసలు మోటారు సైకిళ్లకును, వానిని చూచి చేసిన నకళ్లకును జరిగిన పోటీ యిందుకు మంచి నిదర్శనము. అర్థశాస్త్రము చదువు విద్యార్థులకే కాక, వాహనము కొనదలచిన తలిదండ్రులకును నిది యుపయోగించునని యెంచి యిచ్చట వివరించుచున్నాము.

జపానులో హోండా కంపెనీవారు 1958లో సూపర్ కబ్ అను చిన్న వాహనమును వెలువరించిరి. నాలుగు స్ట్రోకుల చిన్న యింజను, బట్టలు చిక్కుకొనకుండ చైనుకు మూత, సులువుగా నెక్కుటకు ముందువైపున ఖాళీ, చేతితో నొక్కవలసిన క్లచ్చి లేకుండుట దాని గుణములు. 2017 నాటికి ఈ జాతి వాహనములు 10 కోట్లు తయారైనవి. 1960 తరువాత నివి దక్షిణ వియత్నాంలో విరివిగా ప్రవేశించి, తుదకు ఆ ప్రజల నోట 'హోండా' యన్నను మోటారు సైకిలన్నను నొకటే యైపోయెను. అద్దెకు దిరుగు మోటారు సైకిలును వారు 'హోండా ఓమ్' అందురు. ఓమ్ అనగా కౌగిలించుకొనుట. వెనుక గూర్చున్నవాడు నడుపువానిని పట్టుకొనక తప్పదు గదా!

1990 తరువాత వియత్నాం ప్రభుత్వమువారు తమ దేశముననే ఈ పరిశ్రమ నెలకొనవలెనని సంకల్పించి, పూర్తిగా తయారైన వాహనముల దిగుమతిని అడ్డగించిరి. విడిభాగములు తెచ్చి దేశములో కూర్చువారికి మాత్ర మనుమతి యిచ్చిరి. దేశములో చేసిన భాగములెంత యెక్కువగా నుండిన, సుంకమంత తక్కువ. హోండావారు 1996లో అచ్చట కంపెనీ స్థాపించి సూపర్ డ్రీమ్ అను వాహనమును తయారుచేయ మొదలిడిరి. దాని వెల సుమారు 2,000 డాలర్లు. 2000లో ఆ దేశమున తలసరి యాదాయము సంవత్సరమునకు సుమారు 400 డాలర్లు! ఐదేండ్ల సంపాదన పెట్టినగాని వాహనము రాదు. సుంకపు గోడ లోపల నున్న వ్యాపారికి తొందర యేమి? మన దేశములోను నొకప్పుడు స్కూటరు కొరకు డబ్బు కట్టి యేండ్ల తరబడి వేచియుండిన సంగతి పెద్దలెరుగుదురు.

ఇక చైనా సంగతి. అచ్చటి చుంగ్‌చింగ్ నగరమునందలి ప్రభుత్వ ఆయుధ కర్మాగారములు 1980 ప్రాంతమున మోటారు సైకిళ్ల తయారీకి మరలినవి. వానిలో జియాలింగ్ అను కర్మాగారము హోండావారి వద్దనే యా విద్య నేర్చెను. ఆ విద్య చుట్టుపట్ల చిన్న కార్ఖానాలకు బ్రాకెను. ఒకరు కార్బొరేటరు, ఒకరు సైలెన్సరు, మరియొకరు ఇంజను పెట్టె, అందరును నొకే హోండా నమూనా కొలతలకు చేయుటచే, ఎవరి భాగమైనను ఎవరి బండికైనను అమరెను. 1992లో యిన్ మింగ్‌షాన్ అను నాయన తొమ్మిదిమందితో నొక చిన్న సంస్థ నారంభించెను. దాని పేరు 'హోంగ్డా'. ఆ పేరేల పెట్టెనో చదువరులకు వేరుగ జెప్ప నక్కరలేదు. అదియే పిమ్మట లీఫాన్ కంపెనీ యయ్యెను. చైనాలో తయారీ మితిమీరి, తమలో దామే వెలలు తగ్గించుకొనుచు లాభము పోగొట్టుకొనిన యా వ్యాపారులు పొరుగున నున్న వియత్నాం వైపు చూచిరి.

గోడకొక సందు గలదు. పూర్తి వాహనము రాగూడదు గాని విడిభాగములు రావచ్చును. వియత్నాం వ్యాపారులు చైనా భాగములను మూటలుగా తెప్పించి, బిగించి, 'ఇందు మా దేశపు సరకే విశేషముగా గలద'ని లెక్కలు చూపిరి. ఆ లెక్కలలో కల్లలు పెక్కు. బండి వెల సుమారు 700 డాలర్లు, అంతకు తక్కువకును దొరకెను. 2001లో ఆ దేశమున సుమారు 20 లక్షల వాహనము లమ్ముడుపోగా, వానిలో అత్యధిక భాగము చైనావే. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదని నవ్వుదుము గాని, ఈ నక్క వాతలు బాగుగనే యమ్ముడుపోయినవి! పల్లెలలో మొదటిసారిగ మోటారు సైకిలెక్కిన రైతులు పెక్కుమంది దీనివలననే యెక్కిరి. ఈ మేలును దాచుట న్యాయము కాదు. అయితే రంగు వెలిసెను, ఇనుము త్రుప్పుపట్టెను, ఇంజను త్వరలోనే యరిగెను.

హోండావా రప్పుడు చేసిన పని గమనింపదగినది. నకళ్ల భాగములను తెప్పించి, విప్పి, పరీక్షించి, ఏది చాలును, ఏది చాలదని తేల్చుకొనిరి. నకళ్లు చేయుచుండిన సన్‌డిరో అను చైనా కంపెనీతోనే 2001లో భాగస్వాములైరి. 2002 ఆరంభమున వేవ్ ఆల్ఫా అను వాహనమును మునుపటి దానిలో సగమునకంటె తక్కువ వెలకు వియత్నాంలో నిలిపిరి. మరి యంతకు ముందు కొన్నవారు చెల్లించిన రెట్టింపు సొమ్ము దేనికి? కొంత ఖరీదైన విడిభాగములకు, కొంత తక్కువ సంఖ్యలో చేయుటవలని వ్యయమునకు అనుట నిజమే. తక్కినది గోడకు చెల్లించిన బాడుగ యని మా యభిప్రాయము.

అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రభుత్వమువారు మేల్కొని, ఆ యేటికి 15 లక్షల వాహనములకు మించి భాగములు దిగుమతి చేయరాదని యాజ్ఞాపించిరి. చిత్రమేమన, ఆ దెబ్బ హోండా కర్మాగారమునకును తగిలి కొన్నాళ్లు పని నిలిచెను. 2004లో బీజింగు న్యాయస్థానము 'హోంగ్డా' యను పేరు వాడినందుకు లీఫాన్ వారిని తప్పుపట్టెను. కాని చైనా బండ్లను వెనుకకు నెట్టినది ముఖ్యముగా న్యాయస్థానమును గాదు, సుంకమును గాదు. వెలలు దగ్గరపడగానే కొనువారు అసలు దానినే కోరిరి. ప్రక్కవాని పలక చూచి లెక్క వ్రాసినవానికి జవాబు వచ్చును. అంకెలు మార్చి యిచ్చినచో చేయి ఆడదు. కొలతలు నకలు చేసినవారికి, ఆ యుక్కునే యేల యెంచిరో, దానినెంత కాల్చిరో తెలియలేదు.

నేడు వియత్నాంలో అమ్ముడుపోవు ప్రతి పది మోటారు సైకిళ్లలో సుమారు ఎనిమిది హోండావే. నకళ్ల కాలమున భాగములు చేసి చేయి తిరిగిన వియత్నాం కార్ఖానాలు కొన్ని, పిమ్మట హోండావారి కఠిన పరీక్షలకు నిలిచి, వారికే సరకు సరఫరా చేయసాగినవి.