కారునకు మారు టర్బో: ఎన్నిక, అమరిక

ఉదయమున మన పాఠశాల ద్వారము ముందు పిల్లలను దింపి పోవు కార్లలో పదేండ్లు దాటిన డీజిలు కార్లు నేటికిని పెక్కు గలవు. అట్టి కారు ఒకనాడు ఎత్తురోడ్డుపై చతికిలబడి, వెనుక నీలిపొగ విడుచుచు, ఈల వేయ నారంభించినచో మెకానిక్ చెప్పు మొదటి మాట “టర్బో పోయినది” అనియే. రెండవ మాట ధర. ఆ రెండు మాటల నడుమ గృహస్థుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. వానినిగూర్చి యిచట వ్రాయదలచితిమి.

టర్బో ఛార్జరనగా ఒక ఇరుసు, దాని రెండు కొనలందు రెండు రెక్కల చక్రములు. ఇంజనునుండి వెలువడు వేడిపొగ ఒక చక్రమును త్రిప్పును. దానితో తిరుగు రెండవ చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి పంపును. గాలి ఎక్కువగా చేరినచో ఇంధనమును ఎక్కువగా మండించవచ్చును. చిన్న ఇంజను పెద్దదాని పని చేయును. వ్యర్థముగా పోవు పొగచేత పని చేయించుకొను ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. చిన్న కార్లలో ఈ ఇరుసు నిమిషమునకు రెండు లక్షల చుట్ల వరకును తిరుగును. అంత వేగమున దానిని మోయునది చాలవరకు ఇనుప గుండ్లు కావు. ఇంజను ఆయిలు యొక్క పలుచని పొర మాత్రమే. ఈ సంగతిని మనసున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

మన నగరమునకు సంబంధించిన విశేష మొకటి గలదు. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నది. ఇచటి గాలి ఒత్తిడి చెన్నపట్టణమున నున్నదానికంటె దాదాపు పదవ వంతు తక్కువ. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు విమానపు ఇంజనునకు టర్బోను అమర్చి పైక్స్ పీక్ కొండపై పరీక్షించినది, ఎత్తున పోయిన శక్తిని తిరిగి రాబట్టుటకే. మన కార్లలోని టర్బో దినదినమును చేయుచున్న పని కొంతవరకు అదియే. లెక్క చూడుడు. ఇంజనులోనికి 2 బార్ల ఒత్తిడితో గాలి కావలెననుకొందము. చెన్నపట్టణమున బయటి గాలి 1.01 బారు గనుక దానిని 1.98 రెట్లు అదిమిన చాలును. ఇచట బయటి గాలి 0.91 బారు మాత్రమే, 2.2 రెట్లు అదుమవలెను. అనగా ఇరుసు మరింత వేగముగా తిరుగవలెను. సముద్రతీరమున హద్దు వరకు సాగదీసిన ట్యూనింగును ఇచటి కారున నెక్కించినచో టర్బో తన వేగపు హద్దును దాటు ప్రమాదము గలదు. ట్యూనింగు అమ్మువారు ఈ లెక్కను సాధారణముగా చెప్పరు.

ఎన్నిక విషయమున ఉదాహరణకు ఫియట్ వారి 1248 ఘన సెంటీమీటర్ల మల్టీజెట్ ఇంజనును తీసికొందము. 2007 నుండి మారుతి స్విఫ్టులోను, ఇంకను పలు కార్లలోను ఇది వచ్చెను. మారుతి వారు 2020 ఏప్రిలులో డీజిలు కార్లను మానిరి గాని అవి మన వీధులలో ఇంకను తిరుగుచునే యున్నవి. ఇందు 75 గుర్రపు శక్తి గల రకమునకు రెక్కలు కదలని సాధారణపు టర్బో. 90 గుర్రపు శక్తి గల రకమునకు పొగదారిని ఇరుకు చేయుచు వెడల్పు చేయుచు నుండు కదిలెడి రెక్కల టర్బో. చూచుటకు పోలికగా నున్నను ఒకదాని స్థానమున ఒకటి పనికిరాదు. కనుక కారు పేరు చెప్పి టర్బోను కొనరాదు. పాత టర్బోపై చిన్న లోహపు పలకమీద చెక్కిన సంఖ్యను వ్రాసికొని, ఆ సంఖ్యనే అడుగవలెను.

పెద్ద టర్బో పెట్టిన కారు పరుగెత్తునను మాట నిజమే, ఎప్పుడన్నదే ప్రశ్న. పెద్ద చక్రమును త్రిప్పుటకు ఎక్కువ పొగ కావలెను. 75 గుర్రపు శక్తి మల్టీజెట్ సహజముగనే 2000 చుట్లకు లోపల మందకొడి. సిల్క్ బోర్డు కూడలిలో గంటసేపు మొదటి గేరునను రెండవ గేరునను ప్రాకు కారునకు ఆ మందము మరింత పెరిగిన లాభమేమి? నిత్యము తిరుగు కారునకు తయారీదారు పెట్టిన పరిమాణమే తగినది.

కొత్తది కొనలేనివారికి రెండు మార్గములు. తయారీదారులే శుద్ధిచేసి అమ్మునది దొరికిన మంచిది. లేదా ఇరుసు, చక్రములు గల నడిమి భాగమును మాత్రము మార్పించవచ్చును. అపుడు బ్యాలెన్సింగు చేసినట్లు కాగితము అడిగి తీసికొనవలెను. కదిలెడి రెక్కల టర్బోలో వాని హద్దును నిర్ణయించు మరను కర్మాగారమున గాలి ప్రవాహమును కొలిచి బిగింతురు. దానిని త్రిప్పవలదని మెకానిక్‌నకు ముందుగనే చెప్పవలెను.

ఇక మా అనుభవము. కొన్నేండ్ల క్రిందట మా కారునకు కొత్త టర్బో వేయించితిమి. మూడు వారములకు తిరుపతినుండి వచ్చుచు మొగిలి ఘాటు ఎక్కుచుండగా వెనుక తెల్లనిపొగ కమ్మెను. ఇంజను తనంతట తానే హోరెత్తసాగెను. తాళపుచెవి త్రిప్పినను ఆగలేదు. వెనుక సీటున పిల్లలిద్దరు. టర్బోనుండి కారిన ఆయిలునే డీజిలువలె మండించుకొనుచు ఇంజను పరుగెత్తుట యిది. ఆయిలు తరుగు వరకును, లేక ఇంజను పగులు వరకును సాగును. బ్రేకును పూర్తిగా అదిమి, పై గేరు వేసి, క్లచ్చిని ఒక్కసారిగ విడిచితిమి, ఇంజను ఆగినది. పిల్లలను దింపి దూరముగ నిలిపితిమి. చవుక సరకు అంటగట్టిరని అప్పుడు కోపగించితిమి గాని, విప్పి చూడగా టర్బో మంచిదే. దానికి ఆయిలు నందించు సన్నని గొట్టమును మార్చక పాతదే బిగించిరి; లోపల మసి గట్టిపడి దారి సగము మూసికొని యున్నది. ఆయిలు అందక ఇరుసు అరిగినది. ఆ గొట్టపు ధర టర్బో ధరలో ఏ మూలకును రాదు.

అందుచే టర్బో మార్చిన దినముననే ఆయిలు గొట్టము, ఆయిలు, ఫిల్టరు మార్పించుడు. ఇంటర్‌కూలరులో నిలిచిన పాత ఆయిలును కడిగింపుడు. ఆయిలు దారుల అతుకుల వద్ద సిలికాన్ బంక పూయనీయకుడు. దాని తునకలు లోనికిపోయి దారిని మూయును. మొదటిసారి నడుపుటకు ముందు టర్బోలో ఆయిలు పోసి, ఒత్తిడి వచ్చు వరకు ఇంజనును మండనీయక త్రిప్పవలెను. అన్నిటికంటె ముందు, పాత టర్బో ఎందుకు పోయినదో మెకానిక్ చెప్పగలిగిన గాని కొత్తదానికి డబ్బీయకుడు.

ట్యూనింగు విషయము. కంప్యూటరులోని లెక్కలను మార్చి శక్తి పెంచుట సాధ్యమే. గాలి చాలక ఇంధనము పెరిగిన నల్లపొగ వచ్చును, పొగ వేడి హెచ్చును. కొత్త కార్లలో మసి వడపోత పూడుకొనును, క్లచ్చి జారును. మోటారు వాహనముల చట్టము, 1988, సెక్షను 52 ప్రకారము రిజిస్ట్రేషను పత్రమునందలి తయారీదారు వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదు; సుప్రీముకోర్టు 2019 జనవరిలో దీనిని నొక్కి చెప్పెను. చెప్పక చేసిన మార్పు భీమా సొమ్ము వద్ద చిక్కు తెచ్చును. టర్బో మార్చినపుడు చేయింపవలసిన సవరింపు వేరు: విద్యుత్తుతో కదలు రెక్కలు గల టర్బో అయినచో స్కానరుతో దాని హద్దులను కంప్యూటరునకు నేర్పించుట, పాత తప్పుల జాబితాను తుడిచి, ఒత్తిడి సరిగా వచ్చుచున్నదా యని రోడ్డుపై చూచుట. ఇది చట్టబద్ధము, అవసరము కూడ.

ఘాటు ఎక్కి ఆగినపుడు వెంటనే తాళము త్రిప్పక ఒక నిమిషము ఇంజనును నెమ్మదిగ నడవనిండు. కొత్త టర్బోతో మొదటి వేయి కిలోమీటర్లలో రెండు మూడు మారులు ఆయిలు మట్టమును, అతుకుల వద్ద చెమ్మను చూచుకొనుడు. పాత టర్బోను అడిగి ఇంటికి తెచ్చినచో పెద్దతరగతి పిల్లలు దాని చక్రములను వ్రేలితో త్రిప్పి చూతురు.