ధ్రువుడి కథలో నేను దాటేసిన ముక్క

పోయిన వీడియోలో ధ్రువుడి కథ చెప్పుకున్నాం కదా. అందులో ఒక ముక్క వదిలేశాను. అది పట్టుకున్నది నాలుగో తరగతి చదివే మా మేనల్లుడు.

మా అక్కవాళ్లు ఉండేది గడ్డపోతారంలో. బావకి మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నైట్ షిఫ్టు వారమొస్తే ఆ ఇంట్లో పగలంతా ఒకటే మాట: "సప్పుడు చెయ్యకు, నాన్న పండుకున్నడు." ఎవరి తప్పూ కాదు. రాత్రంతా రియాక్టర్ల దగ్గర నిలబడి వచ్చిన మనిషికి నిద్ర కావాలి. కానీ వాడు చప్పుడు రాకుండా ఏడవడం నేర్చుకున్నాడు. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి కూర్చున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏమైందిరా?"

"ఏం లేదు మామా."

వెంటనే కథ అందుకున్నా. తండ్రి ఒడిలో కూర్చోబోతే సవతి తల్లి సురుచి మాటలంది, ధ్రువుడు అడవికెళ్లాడు, తపస్సు చేశాడు, ధ్రువపదం వచ్చింది. "అందుకే ఎవరేమన్నా పట్టించుకోవద్దు" అని రెండు నిమిషాల్లో ముగించా. షార్ట్స్ అలవాటు మరి!

వాడు ఇటు తిరిగాడు. "వాళ్లమ్మ ఏం జేసింది?"

"ఏడ్చిందిరా."

"గట్టిగనా?"

అప్పుడు చెప్పాడు. బడిలో ఒకడు "మీ నాన్న దగ్గర కంపెనీ వాసనొస్తది" అన్నాడట. నాన్నకి చెబితే బాధపడతాడని ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి పోతన గారి భాగవతం చతుర్థ స్కంధం మళ్లీ తీశాను. సునీతి చేసిన పని చూడండి. కొడుకుని ఒడిలోకి తీసుకుంది. జరిగింది విని తనూ కన్నీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాతే, ఎవరికీ చెడు కోరకు నాయనా, శ్రీహరిని ఆశ్రయించు అంది. ఒడి ముందు, ఉపదేశం తర్వాత. నేను తలకిందులుగా చేశాను.

నారదుడి సంగతి ఇంకా బాగుంటుంది. చిన్నపిల్లాడివి, నీకు మానమేంటి అవమానమేంటి, ఇంటికి వెళ్లు అన్నాడు మొదట. అయిదేళ్ల ధ్రువుడు తగ్గలేదు. స్వామీ, మీ మాట మంచిదే, కానీ పినతల్లి మాటలు బాణాల్లా గుచ్చుకున్న నా మనసులో అది నిలవట్లేదు అన్నాడు. నారదుడు కోప్పడలేదు, సంతోషించాడు. ఆ పిల్లాడు ఉన్న చోటి నుంచే దారి చూపించి మధువనానికి పంపాడు. పిల్లాడి మాట విని గురువు తన పాఠం మార్చుకోవడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

ఈ రోజుల్లో దీన్ని ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటున్నాం. 1990లో సాలొవే, మేయర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనిమీద రాశారు, 1995లో గోల్‌మన్ పుస్తకంతో అందరి నోటా పడింది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో ఎనిమిదో తరగతి వరకు హ్యాపీనెస్ క్లాసు కూడా పెట్టారు. మంచిదే. అయితే పీరియడ్ అయిపోయాక "ఏడవకు, నోర్ముయ్" అంటే ఆ క్లాసు దండగే అని నా ఉద్దేశం.

మేనల్లుడి టీచర్‌తో అక్క మాట్లాడింది. "ఎవడన్నాడురా" అని ఆవిడ ఎవరినీ నిలబెట్టలేదు. ఎవరి ఇంట్లో ఎవరు ఏ పనికి వెళ్తారో, అక్కడ ఏం తయారవుతుందో ఒక్కొక్కరినీ చెప్పమన్నారు. సగం మంది కంపెనీలవాళ్ల పిల్లలే, వెక్కిరించిన వాడితో సహా.

ఒక్కసారితో అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. ధ్రువుడు పెద్దయ్యాక తమ్ముడు ఉత్తముణ్ణి ఒక యక్షుడు చంపితే కోపం పట్టలేక యుద్ధానికి దిగాడు. హరిని చూసిన ధ్రువుడే! తాత స్వాయంభువ మనువు వచ్చి నచ్చజెబితే గానీ ఆగలేదు.

మొన్న బావకి ఫోన్ చేశాను. "ఏడుపొస్తే నన్ను లేపురా అని చెప్పిన. ఈ వారం రెండుసార్లు లేపిండు" అన్నాడు, ఆవలిస్తూ.