టాక్సికాలజీ కొలువుకు కాలేయమే సిలబస్

ఫార్మా, పురుగుమందుల కంపెనీల టాక్సికాలజీ విభాగాలపై కన్నేసిన బీఫార్మసీ, లైఫ్ సైన్సెస్ విద్యార్థులు ముందుగా పరికరాల కోర్సుల కోసం వాకబు చేస్తుంటారు. హెచ్‌పీఎల్‌సీ నడపడం రావాల్సిందే, కాదనలేం. కానీ ఈ రంగంలో మనిషిని నిలబెట్టేది బయోకెమిస్ట్రీ. ఇంటింటా ఉండే పారాసిటమాల్‌నే తీసుకోండి. అందులో కొద్ది భాగం కాలేయంలో ఎన్‌ఏపీక్యూఐ అనే విషపదార్థంగా మారుతుంది. గ్లూటమేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో కాలేయం తయారుచేసుకునే గ్లూటాథయోన్ అనే యాంటీఆక్సిడెంట్ ఆ విషాన్ని పట్టి బయటికి పంపేస్తుంది. మోతాదు మితిమీరితే గ్లూటాథయోన్ నిల్వ అడుగంటి, విషం కణంలోని ప్రోటీన్లకు అతుక్కుంటుంది. విరుగుడుగా ఇచ్చే ఎన్-అసిటైల్ సిస్టీన్ ప్రధానంగా చేసేది కరువైన సిస్టీన్‌ను అందించడమే. మాత్రలు మింగిన 8 గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. యాంటీఆక్సిడెంట్లు, అమైనో ఆమ్లాలు పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలు కావచ్చు. కాలేయంలో మాత్రం ఒకే లెక్క.

ఈ లెక్క తెలియకపోతే ల్యాబ్‌లో దొరికిపోతారు. గ్లూటాథయోన్ కొలవడానికి ఎల్‌మన్ రియేజెంట్ కలుపుతారు. పసుపు రంగు తేలుతుంది, 412 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. రీడింగ్ తగ్గిందనుకోండి. అది రసాయనం కొట్టిన దెబ్బా, లేక శాంపిల్ బల్ల మీద ఆలస్యమై అందులోని గ్లూటాథయోన్ ఆక్సీకరణ చెందిందా? యంత్రం చెప్పదు. కాలేయ పరీక్షల రిపోర్టుల్లో అందరికీ తెలిసిన ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కూడా అమైనో ఆమ్లాలను మార్చే ఎంజైములే. ఎస్‌జీఓటీ కండరాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. ఒక్క అంకె చూసి కాలేయం పాడైందని రాసేవారిని ఏ స్టడీ డైరెక్టరూ నమ్మడు.

జంతు పరీక్షలు తగ్గిపోతుంటే ఈ ఉద్యోగాలు ఉంటాయా అన్న సందేహం సహజమే. కొత్త మందులకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను అమెరికా 2022 డిసెంబరులో సడలించింది. 2023లో మన నిబంధనలూ ఇతర పద్ధతులకు చోటిచ్చాయి. అయితే గిన్నెలో పెంచిన కాలేయ కణాలు మందులను మార్చే ఎంజైములను త్వరగా కోల్పోతాయి. అసలు విషపదార్థమే తయారవని కణంలో హాని కనిపించకపోతే, మందు సురక్షితమని రాసేద్దామా? ఇలా అడగగలిగేవారి అవసరం ఇప్పుడే పెరిగింది. పీహెచ్‌డీ లేనిదే ఎదగలేమన్న మాటలో సగమే నిజం: పరిశోధనకు అది కావాలి, పరీక్షల ల్యాబ్‌లకు మాస్టర్స్‌తోనూ వెళ్లొచ్చు. తొలి జీతం పెద్దగా ఉండదు, అదీ తెలుసుకునే దిగాలి. హైదరాబాద్ నైపర్‌లో పీజీకైనా, సీఎస్‌ఐఆర్ నెట్‌కైనా సిద్ధమవుతుంటే, ఏ కోర్సుకూ ఫీజు కట్టకముందే సిస్టీన్ నుంచి గ్లూటాథయోన్ దాకా దారిని పుస్తకం చూడకుండా తెల్లకాగితం మీద గీసి చూసుకోండి.