మలుపు తిరుగు లారీ: న్యాయవాదవృత్తిని కోరు యువతకు

చెన్నై, కోల్‌కతాలను కలుపు 16వ నంబరు జాతీయ రహదారి నరసన్నపేటను ఒరసికొని పోవుచున్నందున, సరకులారీలు ఊరివైపు మలుపు తిరుగు చోట పాదచారులకు గల అపాయము ఇచటి యువతకు కన్నులయెదుటి సంగతి. న్యాయశాస్త్రము చదువదలచినవారు దూరనగరముల కొలువులను తలంచుటకు ముందు ఈ మోటారు ప్రమాద పరిహారపు వ్యాజ్యములపై దృష్టి నిలుపవలెనని నా దృఢాభిప్రాయము.

ఈ వృత్తిలో సెక్షన్లకంటె ముందు చక్రములను చదువవలెను. పొడవైన లారీ ఎడమకు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడను వీడి లోపలివైపునకు కోసికొని వచ్చును. కుడిప్రక్క కూర్చున్న డ్రైవరునకు ఎడమతలుపు చెంత నడచు మనిషి తరచుగా కానరాడు. కావున అద్దము చూచెనా, సిగ్నలిచ్చెనా, వేగము తగ్గించెనా, క్లీనరు దిగి దారి చూపెనా అను ప్రశ్నలలోనే నిర్లక్ష్యము తేలును. మనిషి కానరాలేదను సాకు చెల్లదు. కానరాని చోటు కలదని ఎరిగినవాడు మరింత జాగరూకుడు కావలెను గదా? క్రిమినల్ కోర్టు నిస్సంశయమైన నిరూపణ కోరును గాని, పరిహారము నిర్ణయించు ట్రిబ్యునలునకు సంభావ్యతల మొగ్గు చాలును. టీబడ్డీవాని సాక్ష్యము, సీసీ కెమెరా దృశ్యము చెదరకముందే సంపాదింపవలెను.

డ్రైవరు తప్పునకు యజమాని బాధ్యుడు. ఆ భారమును థర్డ్ పార్టీ బీమా కంపెనీ మోయును. లైసెన్సు లోపమున్నను, 2004 నాటి సుప్రీంకోర్టు స్వరణ్ సింగ్ తీర్పు ననుసరించి, కంపెనీ ముందు బాధితునకు చెల్లించి పిదప యజమానినుండి రాబట్టుకొనునట్లు ట్రిబ్యునలు ఆదేశింపవచ్చును.

పరిహార నిర్ణయమున 2010 నాటి రాజ్‌కుమార్ కేసును ప్రతి విద్యార్థియు ఆమూలాగ్రము చదువవలెను. వైద్యుడు వ్రాసిన వైకల్యపు శాతమునే సంపాదననష్టపు శాతముగ గైకొనరాదని సుప్రీంకోర్టు అందు విశదీకరించెను. కాలు పోయిన గుమాస్తా కుర్చీలో పని సాగించుకొనవచ్చును. గుంటమగ్గమున పాదములతో తొక్కుడుకర్రలు తొక్కి నేయు పొందూరు నేతగాని జీవనోపాధియో, ఆ కాలితోనే పోవును. ఈ భేదమును న్యాయమూర్తికి కన్నులకు కట్టించుటయే ఈ వృత్తి సారము.

న్యాయశాస్త్రమునకు ఇంటరు పిమ్మట ఐదేండ్ల కోర్సు, డిగ్రీ పిమ్మట మూడేండ్ల కోర్సు కలవు. ప్రవేశము లాసెట్ అను ప్రవేశపరీక్ష ద్వారా, పట్టా పిదప బార్ కౌన్సిల్ నమోదు, ఆలిండియా బార్ పరీక్ష. న్యాయవిద్య కాక ఆటోమొబైల్ డిప్లొమా గలవారికి ఈ రంగముననే ఏపీపీఎస్సీ ద్వారా అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు కొలువున్నది; ప్రమాదలారీ బ్రేకులను పరీక్షించి నివేదిక వ్రాయువాడతడే.

పరిహారములో వాటాను ఫీజుగా కుదుర్చుకొనుటను బార్ కౌన్సిల్ నియమములు నిషేధించినవి. ఆసుపత్రి మంచము చెంతకే వకాల్తాలు తెచ్చు దళారులను దరిజేరనీయకుడు. 2022 ఏప్రిల్ 1 నుండి పిటిషనునకు చట్టము ఆరు నెలల గడువు విధించినది. బాధితుడు తాను నివసించు చోటి ట్రిబ్యునలులోనే దాఖలు చేయవచ్చును. కావున సీనియరు వద్ద చేరిన తొలినాళ్లలోనే ఎఫ్.ఐ.ఆర్. నకలు, వైద్యుని గాయపత్రము, బీమా పాలసీ వివరములు వెంటవెంటనే సేకరించుట నేర్చుకొనుడు.