అంతర్జాలంలో అంగడి

తమిళనాడు సరిహద్దున ఉన్న నగరి పట్టణం మరమగ్గాలకు పేరొందినది. దళారుల ద్వారా సాగే అమ్మకంలో నేసినవానికి దక్కే ఫలం స్వల్పం. ఇటువంటి ఊరి చిన్న వస్త్రవ్యాపారి కొనుగోలుదారులను నేరుగా చేరుకోవడానికి వెబ్‌సైటు ఒక సాధనం. అయితే ఒకసారి చూచినవారు మరల రాకపోతే ఆ అంగడి తెరచి ఉన్నా మూసినట్లే.

సంతలో కొలిచిన సరుకుపై కొసరు వేయడం తెలుగునాట పాత ఆచారం. ఆ గుప్పెడు గింజల వలన వ్యాపారికి కలిగే నష్టం కొద్దిపాటిదే. కొన్నవాడు మాత్రం మరుసటి సంతలో ఆ అంగడినే వెదకుకొంటూ వస్తాడు. వెబ్‌సైటుకు కొసరు క్రొత్త సమాచారమే. రంగు పోకుండా గుడ్డను ఉతికే పద్ధతి, నూలుకూ పాలియెస్టరుకూ గల భేదం, పండుగకు వచ్చిన క్రొత్త రకాలు ఎప్పటికప్పుడు తెలుపుతూ ఉంటే చూపరులు తిరిగి వస్తారు. నిరుటి ధరలే కనిపిస్తే విముఖులవుతారు.

కొసరు ఎంత వేసినా తూకం తప్పితే వాడుక నిలువదు. మరమగ్గపు గుడ్డను చేనేతగా చూపడం అట్టి తప్పుడు తూకమే. అసలైన చేనేతను గుర్తించడానికే కేంద్ర ప్రభుత్వం 2006లో హ్యాండ్లూమ్ మార్కును ప్రవేశపెట్టింది. ఉన్నది ఉన్నట్లు చెప్పి, అన్న నాటికి సరుకు పంపేవానినే జనం మరల ఆశ్రయిస్తారు. సంతలోనైనా, అంతర్జాలంలోనైనా వాడుకను నిలిపేది నమ్మకమే.